దూదిలో దాచిన రొద

పరుపులు కుట్టేవాడికి దబ్బనమూ దారమూ ఉంటే చాలని లోకం అనుకుంటుంది. కునుకు మేస్త్రి లెక్క వేరు. నిద్ర కూడా పనిముట్టే అనేవాడాయన. ఆ పనిముట్టు ఆయన దగ్గర ఎప్పుడూ పదునుగానే ఉండేది. నిలబడి నిద్రపోగలడు, నడుస్తూ నిద్రపోగలడు, ఎదుటివాళ్ళు తమ కష్టసుఖాలు చెప్పుకుంటుంటే ఊ కొడుతూ కూడా నిద్రపోగలడు. ఒకసారి వీధి మలుపులో నీళ్ళ ట్యాంకరు బోల్తాపడి కొట్టులోకి వరదొస్తే, పరుపుతో సహా తేలుకుంటూ అవతలి వీధికి పోయాడనీ, అక్కడ లేచి కూర్చుని తన కొట్టుకి ఎవరో రంగు మార్చేశారని కేకలేశాడనీ చెప్పుకుంటారు. దూది పరుపు తేలడం అబద్ధమైతే కావచ్చు గానీ, ఆయన మధ్యలో లేవలేదనడానికి కళ్ళారా చూసినవాళ్ళున్నారు.

ఆ నిద్ర మీదే కొట్టు నడిచేది. కొత్త పరుపు ఏది తయారైనా మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధివైపు చెక్కబల్ల మీద పరిచేవారు. చేయించుకున్నవాళ్ళు వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చునేవాళ్ళు. మేస్త్రి చేతులు కడుక్కుని, కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకుని పరుపు మీద వాలేవాడు. వాలడమే ఆలస్యం, గురక. ఆ గురక చివర సన్నటి ఈల ఒకటుండేది. ఈల వినపడిందంటే పరుపు నెగ్గినట్టు. అప్పుడాయన్ని లేపి, పరుపు నడుమ దబ్బనంతో గుచ్చి టాకాలు వేయించుకుని తీసుకుపోయేవాళ్ళు. మేస్త్రి ఒక్కసారి అటూ ఇటూ పొర్లాడా, టాకా పడదు. టాకా పడని పరుపు ఆ కొట్టులో పచ్చి సరుకు కింద లెక్క. ఎవరికి తీరికైతే వాళ్ళు దాని కుట్లు విప్పి, దూది మళ్ళీ ఏకి, ఇంకోదాంట్లో కూరేయాల్సిందే. దానికి ఒకరినొకరు అడిగే పనిలేదు.

గలేబులు కుట్టేది మేస్త్రి భార్య. వెనక రేకుల షెడ్డులో మిషను మీద దూది ఏకేది ఆవిడ తమ్ముడు. పొద్దస్తమానం దూది పొట్టు మీద పడి, కనుబొమ్మలతో సహా తెల్లబడిపోయి, నడివయసులోనే ముసలివాడి వేషం కట్టిన మనిషి. మిషను ఆగినప్పుడు అతని నోరు మొదలయ్యేది. బావ నిద్ర మీద అతను వేయని జోకు లేదు. బావ పెళ్ళిచూపుల్లో కూడా కునుకు తీశాడనీ, అక్క నచ్చిందా అని పెద్దలడిగితే గురక పెట్టాడనీ, దాన్నే అందరూ ఊ అనుకున్నారనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. మేస్త్రి నవ్వి ఊరుకునేవాడు. నవ్వుతూనే నిద్రపోయేవాడు.

ఇంతటి మనిషి దగ్గరికి ఒకనాడు అద్దాల కొట్టాయన వచ్చాడు. మార్కెట్టు అవతల అద్దాలు కోసి అమ్మే మనిషి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చెంపలు లోపలికి పోయాయి. ప్రపంచంలో ఎక్కడా లేనంత మెత్తటి పరుపు కావాలన్నాడు. ఎందుకంత అవసరమని అడిగితే చాలాసేపు నసిగి, చివరికి చెప్పాడు. ఎక్కడినుంచో ఒక రొద వస్తోందట. బాగా లావుపాటిది. చెవితో వినేదానికన్నా దవడల్లో, పక్కటెముకల్లో తెలుస్తుందట. పగలు పనిలో పడితే సద్దుమణుగుతుందట, పక్క మీద వాలాడంటే లేచి కూర్చుంటుందట. కొట్టునిండా అద్దాలున్నాయి కదా, ఒక్కటంటే ఒక్క అద్దం అదరదు, నేను తప్ప అన్నాడు.

మేస్త్రికి నవ్వొచ్చింది. నిద్ర పట్టకపోవడమనేది ఆయనకి విదేశాల కబురులాంటిది. పరుపు సంగతి తర్వాత చూద్దాం గానీ, ఆ రొద ఎలా ఉంటుందో ఒకసారి చేసి చూపించమన్నాడు. అద్దాలాయన వద్దన్నాడు. మేస్త్రి పట్టు వదల్లేదు. ఎద్దు రంకెలాగా, ఓడ కూతలాగా అంటూ తనకి తోచిన చప్పుళ్ళన్నీ చేసి ఆటపట్టించాడు. చివరికి ఆ మనిషి పెదాలు మూసి, గడ్డం గుండెకి ఆనించి, లోపల్నుంచి ఒక నాదం తీశాడు. చిన్నదే. పక్కనున్నవాడికి తప్ప వినపడదు. మేస్త్రి చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

రెండో ఊపిరికే అద్దాలాయన కళ్ళు మూతపడ్డాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే బల్ల మీది పరుపు మీదికి ఒరిగి, మర్నాడు పొద్దెక్కేదాకా కదల్లేదు. మేస్త్రి వీధంతా పిలిచి చూపించాడు. తన పరుపు మహిమ అలాంటిదన్నాడు. బామ్మర్ది కూడా ఆ పూట జోకు వేయలేకపోయాడు.

ఆ రాత్రి మేస్త్రి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇంటి పైకప్పు చూశాడు. దానికి ఒక మూల తేమ మరక ఉందని ఆయనకి అప్పుడే తెలిసింది.

ముందు నీళ్ళ మోటారనుకున్నాడు. మోటారు ఆపేశాడు. ఫ్రిజ్జు అనుకుని తీగ పీకాడు. మెయిన్ స్విచ్ కట్టేసి ఇల్లంతా చీకటి చేశాడు. చీకట్లో ఆ రొద ఇంకా దిట్టంగా కూర్చుంది. గోడకి చెవి ఆనిస్తే గోడలో ఉన్నట్టుంటుంది, నేలకి ఆనిస్తే నేలలో. భార్య కూడా పాపం ఆయన వెంట గోడలన్నిటికీ చెవులు ఆనించి తిరిగింది. ఆవిడకి ఏమీ వినపడలేదు. షెడ్డులోకి వెళ్ళి దూది కుప్పలో మెడదాకా దూరి చూశాడు. దూది వీధి చప్పుళ్ళన్నిటినీ తాగేసింది, ఆ ఒక్కటీ వదిలేసింది. డాక్టరు చెవుల్లోకి దీపం వేసి చూసి, లోపల దూది పొట్టు తప్ప ఏమీ లేదని చెప్పి, దాన్ని కడిగి పంపించాడు. అంతకుముందు ఏమైనా మసగ్గా వినపడుతుంటే, ఇప్పుడు స్పష్టంగా వినపడసాగింది.

కొట్టులో తంటా మొదలైంది. మధ్యాహ్నం పరుపు పరుస్తారు, ఎదురుగా మనుషులు కూర్చుంటారు, మేస్త్రి వాలతాడు, కళ్ళు మూసుకుంటాడు. ఆ రొద పక్కటెముకల కింద చేరి మిషనులా తిరుగుతుంది. తప్పక దొంగ గురక పెట్టడం మొదలుపెట్టాడు. దొంగ గురకలో ఈల రాదు. పెదాలు బిగించి ఈల వేస్తే అది వీధిలో ఎవరినో పిలిచినట్టుండేది. భార్యకి తెలుసు. మిషను మీద తలవంచి కుట్టుకునేదే తప్ప పైకి అనేది కాదు. కొనవచ్చినవాళ్ళు మొహాలు చూసుకునేవాళ్ళు. ఆయన పడుకున్నా పట్టని నిద్ర మనకెలా పడుతుందని వెనక్కి తిరిగిపోయినవాళ్ళే ఎక్కువ. టాకా పడని పరుపులు పేరుకుపోయాయి. మనిషి చిక్కి సగమయ్యాడు. ఇంకొన్నాళ్ళిలాగే సాగితే కొట్టుతో పాటు తానూ మూతబడిపోతానని ఆయనకి అర్థమైంది.

అద్దాల కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాడు. అక్కడ గద్దె మీద ఒక గుండ్రటి మనిషి కూర్చున్నాడు. పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. మేస్త్రి నీడ నాలుగు గోడల అద్దాల్లో పడేసరికి ఆ మనిషి లేచి నిలబడ్డాడు. ఆయనకి ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

“తెలిసి చెయ్యలేదు మేస్త్రిగారూ. నాకో లారీ డ్రైవరు వినిపించాడు. అతనికెవరు వినిపించారో తెలీదు. మీ దగ్గర నిద్రపోయి లేచాకే నాకు తట్టింది. ఆ తర్వాత మీ వీధివైపు రావడానికి నాకు మొహం చెల్లలేదు.”

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?”

“ఎవరికైనా వినిపించండి. విన్నవాళ్ళలోకి పోతుంది, మిమ్మల్ని వదులుతుంది.”

“ఎవరికి?”

అద్దాలాయన తల దించుకుని గుడ్డతో ఒక అద్దం తుడవడం మొదలుపెట్టాడు. శుభ్రంగా ఉన్న అద్దమే.

మేస్త్రి ఇంటికొచ్చేసరికి బామ్మర్ది ఎదురొచ్చి, బావా, ఆ రొద ఎలా ఉంటుందో ఒకసారి చేసి చూపించు, మిషనుకి నేర్పిస్తాను, ఇద్దరూ జంటగా పాడుకుందురుగాని అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. ఆ రోజు మేస్త్రి నోరు తెరిచి, టక్కున మూసుకున్నాడు. గడ్డం తనకు తెలియకుండానే గుండె మీదికి వాలబోయింది. అతని చెవి, తెల్లటి పొట్టు అంటుకున్న ఆ వెర్రి చెవి, జానెడు దూరంలో ఉంది.

తర్వాత భార్య అడిగింది. ఆవిడ వేళాకోళానికి అడగలేదు. అదేదో వింటేనే కదండీ మీ బాధ నాకు తెలిసేది అంది. మేస్త్రి మంచినీళ్ళు కావాలని లేచిపోయాడు. ఆ తర్వాత కూడా ఆవిడ అడుగుతూనే ఉంది, ఆయన దాహం దాహమంటూ తాగుతూనే ఉన్నాడు. కుండ ఖాళీ అయ్యేది గానీ ఆవిడ పట్టుదల తగ్గేది కాదు.

అప్పుడాయనకి పరుపులవాడి బుద్ధికి తగ్గ ఉపాయం తట్టింది. దూది దేన్నయినా పుచ్చుకుంటుంది. చెమట పుచ్చుకుంటుంది, కన్నీళ్ళు పుచ్చుకుంటుంది, మందు వాసన పుచ్చుకుంటుంది, తిరిగి ఏకేదాకా అట్టే పెట్టుకుంటుంది. ఇది మాత్రం ఎందుకు పుచ్చుకోదు? భార్యా బామ్మర్దీ ఎవరింటికో పెళ్ళికి వెళ్ళిన మధ్యాహ్నం, ఆయన షెడ్డు తలుపులు గడియ పెట్టుకుని, ఒక సంచినిండా కొత్త దూది కూరి, దాంట్లో మొహం ముంచి, గడ్డం గుండెకి ఆనించి రొద తీశాడు. ఊపిరున్నంతసేపూ తీశాడు. లోపలెక్కడో దూది పోగులు కదిలినట్టనిపించింది, పెదాలకి ఏవో చిన్న చిన్న వేళ్ళు తగిలినట్టు. తల పైకెత్తాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. ఎక్కడో కాకి అరిచింది. వాటి వెనక ఏమీ లేదు.

ఏడ్చేశాడు మేస్త్రి. ఏడుస్తూనే సంచి మూతి చుట్టూ జంటకుట్టు వేసి, అటక మీదికి తోసేసి, నేల మీదే పడి నిద్రపోయాడు. పెళ్ళినుంచి వచ్చినవాళ్ళకి వీధి చివరికే ఈల వినపడింది.

కానీ ఆ కంగారులో ఆయన ఒకటి మరిచాడు. సంచి మూతి కుట్టాడు గానీ నడుమ టాకాలు వేయలేదు.

ఆ తర్వాత రోజులు మళ్ళీ పూర్వంలాగే నడిచాయి. పరుపులు నెగ్గాయి, మనుషులు తిరిగొచ్చారు. మేస్త్రి బుగ్గలు నిండాయి. కాన్పుల ఆసుపత్రి నుంచి పసిపిల్లల ఉయ్యాలలకి చిన్న పరుపులు కావాలని పెద్ద ఆర్డరు కూడా వచ్చింది. తొందరగా కావాలన్నారు. పసిపిల్లల పరుపు మీద మేస్త్రి పడుకుని చూడటం కుదిరే పని కాదు కాబట్టి, వాటిని బామ్మర్దికి వదిలేశాడు. కొన్ని తయారయ్యాక బామ్మర్దే పట్టుకెళ్ళి ఇచ్చొచ్చాడు.

ఒక మధ్యాహ్నం ఆ ఆసుపత్రి హెడ్ నర్సు మిగతా పరుపుల కోసం తానే వచ్చింది. మాటకారి మనిషి. వచ్చీ రాగానే మేస్త్రికి దణ్ణం పెట్టినంత పని చేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి పరుపులు చూడలేదనీ, వాటిమీద పడుకోబెట్టిన పిల్ల ఏదీ ఏడవడం లేదనీ, తల్లులు హాయిగా నిద్రపోతున్నారనీ, తన చెవులకి సెలవు దొరికినట్టుందనీ చెప్పింది. మేస్త్రి మీసం మెలేయబోయి ఆగాడు. మెల్లగా తల పైకెత్తి అటకవైపు చూశాడు. అటక ఖాళీగా ఉంది.

“ఒరే, అటక మీది సంచి ఏదిరా?”

“టాకా లేదు కదా బావా, పచ్చి సరుకని విప్పేశాను. ఉయ్యాల పరుపులకి దూది చాల్లేదు. మంచి దూదే. కాకపోతే ఏకుతుంటే మిషను ఎందుకో మూలిగింది. ఆయిలు వేశాను.”

మేస్త్రి చెప్పులు కూడా వేసుకోలేదు. నర్సు వచ్చిన ఆటోలోనే ఎక్కి కూర్చున్నాడు. పరుపులు ఒకసారి చూసుకోవాలన్నాడు, ఇంకేమీ చెప్పలేదు. పనంటే ఎంత శ్రద్ధో అని దారిపొడుగునా ఆవిడ మెచ్చుకుంటూనే ఉంది.

ఆ వార్డు తలుపు తెరిచేసరికి ఆయనకి ముందు తెలిసింది నిశ్శబ్దమే. పురిటివార్డులో ఉండకూడని నిశ్శబ్దం. మంచాల మీద తల్లులు ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నారు. ఒక్కో మంచం పక్కనా ఒక్కో ఉయ్యాల. ఉయ్యాలల్లో పిల్లలందరూ మెలకువగా ఉన్నారు. చేతులాడించడం లేదు, కాళ్ళాడించడం లేదు. కళ్ళు ఇంతింత తెరిచి, అందరూ తల ఒకేవైపు కాస్త వంచి, పెద్దవాళ్ళు దూరపు మాట వింటున్నట్టు వింటున్నారు. నిన్న మొన్న భూమ్మీద పడ్డ మొహాలు. వాటిల్లో ఒక్కటైనా పసిపిల్లల మొహంలా లేదు.

మేస్త్రి మొదటి ఉయ్యాల మీదికి వంగాడు. ఆ బిడ్డ పెదాలు మూసుకునే ఉన్నాయి. గడ్డం గుండెకి ఆని ఉంది. చెవి దగ్గరికి తీసుకెళ్తే, తుమ్మెదంత గొంతుతో, అదే.

ఎదర మంచంలో ఒక తల్లి అప్పుడే లేచింది. ఎంత బుద్ధిమంతురాలో నా తల్లి అంటూ ముద్దుపెట్టుకోవడానికి ఉయ్యాలలోకి వంగుతోంది. మేస్త్రి రెండంగల్లో అక్కడికి చేరి, ఆవిడ మొహానికీ బిడ్డ మొహానికీ మధ్య తన తల అడ్డం పెట్టాడు. ఆవిడ కెవ్వుమంది. ఆయన కదల్లేదు. చెవి బిడ్డ పెదాలకి ఆనించి, పూర్తిగా విన్నాడు. వద్దు వద్దని ఒంట్లో ప్రతి ఎముకా మొత్తుకుంటుంటే విన్నాడు. రొద ఆయన దవడలోకి దిగింది. బిడ్డ రెప్పలార్చి, మొహం ఎర్రగా చేసుకుని, గుక్కపట్టి ఏడ్చింది.

తర్వాత పక్క ఉయ్యాల. ఆ పక్కది. నర్సు చొక్కా పట్టుకుని లాగుతోంది, తల్లులు లేచి తిడుతున్నారు, ఎవరో వాచ్‌మన్‌ని పిలవమంటున్నారు. ఆయన ఒక్కో బిడ్డ దగ్గరా వంగుతున్నాడు, ఒక్కో బిడ్డా ఏడుపు అందుకుంటోంది. చివరి బిడ్డ కూడా గొంతెత్తేసరికి వార్డు కప్పు లేచిపోయింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారట. అంత చక్కటి గోల ఆ ఆసుపత్రి పుట్టాక వినలేదని పక్కనున్న పూలకొట్టామె ఇప్పటికీ అంటుంది. దాని అడుగున ఒకే ఒక్కడికి మాత్రం ఇంకోటి వినపడుతోంది. పంచినకొద్దీ తరగాల్సింది, ఊరింది. ఆయన దూదికిచ్చింది పిడికెడు. తిరిగొచ్చింది బస్తాడు.

ఆర్డరు పోయింది. ఆసుపత్రివాళ్ళు పరుపులన్నీ తమ గుమ్మంలో పారేస్తే బామ్మర్ది రిక్షాలో వేసుకొచ్చి, బావకి మతి చలించిందని అందరికీ చెప్పాడు. మేస్త్రి భార్యని కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాడు. అద్దాలాయన, దూది, పిల్లలు, అంతా. ఆవిడ గలేబు కుట్టడం ఆపకుండా విని, అయితే ఇప్పుడు మీకు నిద్ర రాదా అని మాత్రం అడిగింది. వచ్చినా పోకూడదన్నాడాయన. నిద్రలో పెదాలు మన మాట వినవు. పక్కన నువ్వుంటావు.

అప్పట్నుంచి పెదాల మధ్య దారం ముక్క ఒకటి బిగించిపట్టి ఉంచడం అలవాటు చేసుకున్నాడు. దారం జారిందంటే కునుకు పడుతున్నట్టు. ఉలిక్కిపడి లేచేవాడు. బల్ల మీద పడుకోవడం మానేశాడు. ఎవరైనా పలకరిస్తే తలూపేవాడు. బామ్మర్ది కూడా జోకులు తగ్గించాడు, ఎదుటి మనిషి నవ్వకపోతే ఎంతని వేస్తాడు. కొట్టుకి ఒక్క ఆర్డరు మిగిలింది. దూరపు ఊరివాళ్ళది, ఇక్కడి కబుర్లు తెలియనివాళ్ళది. ఎల్లుండి వస్తామన్నారు. ఆ పరుపు మీద ఎవరు పడుకుంటారో తెలియకుండానే మేస్త్రి దాన్ని కుడుతున్నాడు.

మధ్యాహ్నం. వీధిలో ఎండ. చేతిలో దబ్బనం ఒకసారి పైకొచ్చింది, మళ్ళీ కిందికి దిగింది, ఇంకోసారి పైకొచ్చింది.

ఆయన కళ్ళు తెరిచేసరికి గడప మీద ఎండ జారిపోయి ఉంది. ఎవరో పిల్లలు బంతి కొడుతున్నారు. ఎదురు కొట్టులో రేడియో మోగుతోంది. మనసుకి ఎంతో హాయిగా ఉంది. ఎందుకింత హాయిగా ఉందా అని ఒళ్ళు విరుచుకుంటూ ఆలోచించాడు. పెదాలు తడుముకున్నాడు. దారం లేదు.

ఆయన తల భార్య ఒళ్ళో ఉంది. ఆవిడ గోడకి చేరగిలబడి కూర్చుంది. తల కాస్త ఒకవైపు వంచింది. చూపు ఎదుటి గోడ మీదుంది గానీ గోడని చూడటం లేదు. ఆ దారం ముక్క ఆవిడ పెదాల మధ్య ఉంది.

“ఇంత లావుగా ఉంటుందని చెప్పలేదేమండీ మీరు” అంది, దారం జారకుండా పళ్ళ సందునుంచి.

“ఇటిచ్చెయ్” అన్నాడు మేస్త్రి. “నీకు దణ్ణం పెడతాను, ఇచ్చెయ్.”

“ఇస్తాను లెండి. ఎల్లుండి వాళ్ళొస్తారు కదా. మీరు పడుకుని లేచాక పుచ్చుకుందురుగాని. తర్వాత మళ్ళీ నాకిద్దురుగాని.” ఆవిడ ఆగింది. ఏదో వినడానికి ఆగినట్టు ఆగింది. “చూశారా, ఊపిరి తీస్తోంది ఇది.”

ఊపిరి తీస్తుందని మేస్త్రికి అంతకుముందు తెలియదు. ఆయన అంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు. భార్య మొహంలోకి చూశాడు. అందులో బాధ ఉంది. బాధతో పాటు ఇంకేదో ఉంది, బాగా తెలిసినవాళ్ళెవరో తలుపు అవతల నిలబడి ఉంటే మనుషుల మొహంలో కనపడేది.

వెనక షెడ్డులో మిషను ఆగింది. పొట్టు దులుపుకుంటూ బామ్మర్ది గుమ్మంలోకొచ్చి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్న ఇద్దర్నీ చూసి, చాలా రోజుల తర్వాత నవ్వాడు.

“ఏం వింటున్నావక్కా అంత ఇదిగా? కాస్త నాకూ వినిపించు.”

ఆవిడ పెదాలు దారం మీద ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. మేస్త్రి చెయ్యి తనకు తెలియకుండానే లేచి ఆవిడ నోటిని మూసింది. అరచేతికి లోపల్నుంచి అది తగులుతోంది, మెత్తగా, ఆగకుండా.